తడి గోనె కింది ఆకు

మాబున్ని హెల్మెట్ లోపలికి అరచెయ్యి పెట్టి చూసింది.

పొడిగా ఉంది.

మే నెల మధ్యాహ్నం, కనుమ దాటి టౌను నుంచి వచ్చిన మనిషి నెత్తిన ఉన్న హెల్మెట్టు అది. లోపలి మెత్త అంగట్లో కొన్న రోజు ఎట్లుందో అట్లనే ఉంది. ఆమె మొగుడి ముఖం చూసింది. కనుబొమ్మల మీద దుమ్ము. చెంపల మీద దుమ్ము. హెల్మెట్టు అద్దం మీద మాత్రం దుమ్ము లేదు.

"మోరీ కాడ పెట్టుకున్నావు గదా" అంది.

వన్నూరు ముఖం మీది దుమ్ము తుడుచుకున్నాడు. దర్గా కనపడే మలుపుకు కాస్త ముందు రోడ్డు కింద ఒక మోరీ ఉంది. అక్కడ బండి ఆపి, హ్యాండిలుకు వేలాడుతున్న హెల్మెట్టు తీసి, అద్దం తుడిచి, నెత్తిన పెట్టుకుని, పెళ్ళికొడుకు మాదిరి తల నిటారుగా పెట్టి వచ్చాడు. చూసి మురిసిపోతుందనుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి చూస్తుందని అనుకోలేదు.

ఆమె హెల్మెట్టును దర్గా అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

వన్నూరుది తమలపాకు తోట. ఏటి ఒడ్డున అవిసె చెట్లకు అల్లుకున్న తీగలు. ఆ తీగల కింద నడిస్తే మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలాగా ఉంటుంది. పొద్దున ఆకు కోసి, గంపలకెత్తి, బండికి రెండు పక్కలా కట్టి, పాముల కనుమ దాటించి టౌనులో ఇచ్చి వస్తాడు. తిరిగొచ్చేటప్పుడు గంపలు ఖాళీగా ఉంటాయి కానీ చొక్కా నిండా ఆకు వాసన ఉంటుంది. పెళ్ళైన కొత్తలో మాబున్ని ఆ చొక్కాను ముఖానికి పెట్టుకుని, ఈ వాసన కోసమే నిన్ను చేసుకున్నా అనేది.

అదే కనుమలో పోయిన ఎండాకాలం ఆమె అన్న హుసేనప్ప బండి జారి పడ్డాడు. తల రాయికి తగిలింది.

బండిని ఇంటికి తెచ్చినప్పుడు అతని హెల్మెట్టు హ్యాండిలుకే వేలాడుతూ ఉంది. ఎండకు తట్టుకోలేక తీసి తగిలించినాడని, వెనక వచ్చినవాళ్ళు చెప్పారు. మాబున్ని ఆ రోజు ఏడవలేదు. హెల్మెట్టును ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడైనా గీత పడిందేమోనని తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది. ఒక్క గీత కూడా లేదు.

తర్వాత ఆమే పోయి వన్నూరుకు కొత్త హెల్మెట్టు, గాలి ఆడే జాలీ గుడ్డతో కుట్టిన జాకెట్టు, చేతికి గ్లౌజులు తెచ్చింది. చలికాలమంతా వేసుకున్నాడు. ఎండలు ముదిరేకొద్దీ ఒక్కొక్కటే ఒంటి మీద నుంచి దిగిపోయాయి. ఒకరోజు వాకిట్లోకి బండి వచ్చేసరికి హెల్మెట్టు హ్యాండిలుకు వేలాడుతూ కనపడింది. అచ్చం అట్లాగే, అదే పక్కన.

ఆమె లోపలికి పోయింది. గుడ్డలు మూట కట్టుకుంది.

"దర్గాలో ఉరుసుకు బొంతలు కుట్టే పనుంది. నేను పోతాండా" అంది. "నువ్వు దాన్ని నెత్తిన పెట్టుకొని కనుమ దాటొచ్చిన రోజు వస్తా. హ్యాండిలుకు తగిలించుకొని వచ్చే మనిషి కోసం నేను వాకిట్లో నిలబడలేను."

అందుకే ఈ రోజు మోరీ దగ్గర ఆ నాటకం. అది కూడా ఒక అరచేతికి దొరికిపోయింది.

ఆ దర్గాను చూసుకునే ఫకీరు ఇమాం తాత. వయసులో ఉన్నప్పుడు దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఇప్పుడు జనం తెచ్చిచ్చే పాత గుడ్డలన్నీ కలిపి బొంతలు కుట్టి, చలికి వణికేవాళ్ళకు ఇస్తుంటాడు. పెద్దగా మాట్లాడడు. వన్నూరు పెళ్ళికి ముందే ఆయన చెయ్యి పట్టి శిష్యుడైనాడు. కష్టం వచ్చినా సంతోషం వచ్చినా అతని కాళ్ళు గుట్ట కింద ఉన్న ఆ దర్గాకే నడుస్తాయి.

తాత వేపచెట్టు కింద సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. వన్నూరు పోయి పక్కన కూలబడ్డాడు.

"తాతా, నువ్వొక మాట చెప్పు దానికి. నీ మాటైతే వింటాది."

"ఏం చెప్పమంటావు?"

"ఇంటికి పొమ్మని చెప్పు."

"అంతేనా?"

"ఈ ఎండలు పొయ్యేదాకా ఆ టోపీ సంగతి ఎత్తొద్దని చెప్పు."

తాత సూది, దారం అతని చేతికిచ్చాడు. "నా కంటికి బెజ్జం ఆనడం లేదు. ఎక్కించు."

వన్నూరు దారం కొసను నోట్లో తడిపి, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చాడు. లోపల ఉన్నదంతా దానితో పాటే బయటికి వచ్చింది.

"నువ్వొకసారి పెట్టుకొని చూడు తాతా, తెలుస్తాది. అన్నం దించిన కుండ నెత్తిన బోర్లించుకున్నట్టు ఉంటాది. చెమట కండ్లలోకి కారి దారే కనపడదు. ఆ జాకెట్టు ఇంకొకటి. దాంట్లో మనిషి ఉడికిపోతాడు. ఒంటికి గాలి తగలొద్దా? కప్పుకొని కప్పుకొని కండ్లు తిరిగి పడితే అప్పుడేమంటాది?"

తాత కుడుతూనే ఉన్నాడు.

"నేను ఎండలో పుట్టి ఎండలో పెరిగినోణ్ణి. హుసేనప్ప బావది రాత. నాకేం భయం లేదు. కాచేవాడు పైనున్నాడని నువ్వే గదా నాకు చెప్పింది?"

"చెప్పినా" అన్నాడు తాత.

సూది మళ్ళీ గుడ్డలోకి దించాడు. దర్గా లోపల మాబున్ని గాజులు ఒకసారి కదిలి ఆగిపోయాయి. వింటోందని వన్నూరుకు తెలిసింది. గొంతు కాస్త తగ్గించాడు.

"చెప్పు తాతా."

"రేపు ఆకు తీసుకపోతాండావా?"

"ఔ."

"నేనూ వస్తా టౌనుకు. బొంతకు దారం కావాల."

తాత పక్కనే గంపలో దారపు ఉండలు నిండుగా ఉన్నాయి. వన్నూరు వాటిని చూశాడు, తాతను చూశాడు. గురువును ఎదురడగడం అలవాటు లేదు.

"సరే తాతా" అన్నాడు.

మరుసటి రోజు తాత తోటకు వచ్చేసరికి కోత అయిపోవచ్చింది. వచ్చినవాడు ఏటి గట్టు మీద గొంతుక్కూర్చుని, వన్నూరు పని చూస్తూ ఉండిపోయాడు.

ఆ పని చూడముచ్చటగా ఉంటుంది. వన్నూరు చేతులు మొరటువి. కానీ తమలపాకు ముట్టుకునేటప్పుడు అవే చేతులు వేరేగా మారిపోతాయి. గంప అడుగున తడిపిన అరటాకు పరిచాడు. ఆకులను తుడిచి, నిమిరి, దొంతులుగా పేర్చాడు. పైన మళ్ళీ అరటాకు. దాని మీద ఏట్లో నానబెట్టిన గోనె. గోనె అంచులను గంప చుట్టూ లాగి పురికొసతో బిగించాడు. ఎక్కడా వేలు దూరే సందు లేకుండా తడిమి చూసుకున్నాడు. నిద్రపోతున్న చంటిబిడ్డకు దుప్పటి సర్దినట్టు చివరికొకసారి పైన తట్టాడు.

గంపలు బండికి కట్టాక, హెల్మెట్టు తీసి హ్యాండిలుకు తగిలించబోయాడు.

"నీకు అక్కర్లేదు గదా, అదిట్లియ్యి" అన్నాడు తాత. "ఆ జాకెట్టు కూడా."

తాత ఏట్లోకి దిగి మెడదాకా మునిగి లేచాడు. తడి జుబ్బా మీదనే జాకెట్టు తొడుక్కున్నాడు. పల్చటి తెల్లగుడ్డ ఒకటి తడిపి తలకు చుట్టుకుని, దాని మీద హెల్మెట్టు పెట్టుకున్నాడు. గ్లౌజులు కూడా వదల్లేదు. నెరిసిన గడ్డం మాత్రం కింద నుంచి బయటికి వచ్చి గాలికి ఊగుతోంది.

ఆకు కోసే ఆడవాళ్ళు పని ఆపి నిలబడిపోయారు.

"తాతా, యాడికి పయనం?" అంది వాళ్ళలో పెద్దామె వెంకటలచ్చుమ్మ.

"దారానికి."

"దారం తెచ్చేదానికే ఇంత సింగారమైతే, పెండ్లికి పిలిస్తే ఇంకెట్లొస్తావో."

అందరూ నవ్వారు. హెల్మెట్టు లోపల తాత కూడా నవ్వినట్టున్నాడు. వన్నూరుకే సిగ్గనిపించింది.

"మెల్లగా పోనీ నాయనా" అన్నాడు తాత వెనక కూర్చుంటూ.

బయలుదేరేసరికే ఎండ పైకెక్కింది. ఊరు దాటాక చెట్టన్నది లేదు. రోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు మెరుస్తుంది, దగ్గరికి పోతే ఉండవు. ఆ మెరుపుల మీద తేలిపోతూ అటువైపు నుంచి లారీలు వస్తున్నాయి. అది గాలి కాదు. పొయ్యి మూతి ముందు ముఖం పెట్టినట్టు ఉంది. వన్నూరు కళ్ళు చికిలించాడు. పెదవులు నాలుకతో తడుపుకున్నాడు, అవి మళ్ళీ వెంటనే ఎండిపోయాయి. ముంజేతుల మీద చర్మం చుర్రుమంటోంది. చెమట కూడా నిలవడం లేదు.

వెనక నుంచి తాత కూనిరాగం తీస్తున్నాడు. హెల్మెట్టు లోపల ఆ రాగం పువ్వులో చిక్కుకున్న తుమ్మెద రొదలాగా వినిపిస్తోంది.

ఈయనకు ఉక్కపోయడం లేదా అనుకున్నాడు వన్నూరు.

కనుమ మొదట్లో ఒక కానుగ చెట్టు. దాని కింద ఎండాకాలమంతా ఎవరో పుణ్యాత్ములు చలివేంద్రం పెడతారు. నీళ్ళ కుండలు, పక్కన గొడ్లకు ఒక తొట్టి. వన్నూరు బండి ఆపిందే ఆలస్యం, కుండ దగ్గరికి ఉరికాడు. తాగినవి తాగి, మిగిలినవి తల మీద పోసుకున్నాడు. కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాడు.

తాత పురికొస విప్పి, గంప మీది గోనె తీసి, కంచెకు ఆరేస్తున్నాడు. అరటాకు కూడా లాగి పక్కన పడేశాడు. లేత ఆకులు దొంతులుగా ఎండలోకి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"తాతా, ఏం జేస్తాండావు?"

"ఉక్కపోస్తాంటుంది పాపం. పొద్దున్నుంచి కప్పి పెట్టినావు."

"అయ్యో, కప్పు తాతా, కప్పు." వన్నూరు పరిగెత్తుకొచ్చాడు.

తాత అడ్డంగా నిలబడ్డాడు. "ఉండప్పా. కొంచెం గాలి తగలనీ."

"గాలి తగిలితే ఏముంది తాతా, అంతా పాయె."

"గాలి మంచిదే గదా?"

"ఇది గాలా తాతా? వడగాలి ఇది. ఒంట్లో నీళ్ళు పీల్చేస్తాది. గాలాడాల గాలాడాల అని ఇప్పి పెడితే టౌను చేరేసరికి పొడి మిగుల్తాది. దీన్ని తడిపి కప్పాల. కప్పినదాన్ని దావలో మళ్ళా మళ్ళా తడపాల. అప్పుడు లోపల ఏటి గట్టు మీద ఉన్నట్టే ఉంటాది. ఎండ ఎంత ముదిరితే అంత గట్టిగా కప్పాల. చిన్నప్పటి నుంచి చేస్తాండా, నాకు తెలీదా?"

చెప్తూ చెప్తూ అతని గొంతు నెమ్మదించింది.

తాత పక్కకు జరిగాడు. హెల్మెట్టు తీశాడు. లోపలి తడిగుడ్డ కింద ఆయన నుదురు చల్లగా, ఏట్లో మునిగి లేచినప్పుడు ఉన్నట్టే ఉంది. గంప పైదొంతిలోంచి ఒక ఆకు తీసి వన్నూరు చేతిలో పెట్టాడు. ఆ కాస్త సేపటికే దాని అంచులు ముడుచుకుపోయాయి.

వన్నూరు ఆకును చూశాడు. దాని పక్కనే ఉన్న తన ముంజేతిని చూశాడు. దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

అప్పుడే టౌను వైపు నుంచి పల్లెకు పోయే బస్సు వచ్చింది. తాత చెయ్యి ఎత్తాడు.

"తాతా, దారం?"

"ఇంట్లో ఉన్నట్టుంది" అన్నాడు తాత.

గ్లౌజులు తీసి, జాకెట్టు విప్పి సీటు మీద వేశాడు. హెల్మెట్టు దాని మీద పెట్టాడు. తలగుడ్డను తొట్టిలో ముంచి, పిండకుండా, వన్నూరు భుజం మీద వేసి బస్సెక్కిపోయాడు.

బస్సు లేపిన దుమ్ము దిగేదాకా వన్నూరు అక్కడే నిలబడ్డాడు. భుజం మీది నుంచి నీళ్ళు వీపు మీదికి కారుతున్నాయి. తర్వాత గోనెలు తొట్టిలో ముంచి తెచ్చి గంపలు కట్టాడు. వేలు దూరే సందు లేకుండా తడిమి చూసుకున్నాడు. ముడుచుకున్న ఆకును జాకెట్టు జేబులో పెట్టుకున్నాడు.

గుడ్డ తలకు చుట్టి హెల్మెట్టు పెట్టుకున్నాడు. జాకెట్టు తొడిగాడు. చొక్కా మాత్రం తడపలేదు. తడి కావలసింది ఆకుకు గానీ, మగవాడికి అంత సుకుమారమెందుకనుకున్నాడు.

కనుమ సగం ఎక్కేసరికి ఒళ్ళంతా ఉడికిపోయింది. తల చల్లగా ఉంది, మెడ కింద మంట. తీసి అవతల పారేద్దామన్నంత కోపం వచ్చింది. ఎవరి మీద వచ్చిందో తెలియదు. పళ్ళు బిగించి పోనిచ్చాడు. కనుమ దిగాక ఒక పైపు కారుతూ కనపడితే బండి ఆపి, జాకెట్టు విప్పి, చొక్కా మొత్తం తడిపేసుకుని మళ్ళీ తొడిగాడు.

బండి కదిలింది. జాకెట్టు జాలీ గుండా గాలి లోపలికి దూరింది. అదే వడగాలి. తడి చొక్కా తగిలేసరికి దాని పొగరు దిగిపోయింది. పొద్దున తీగల కింద నడిచినట్టు వన్నూరు ఒళ్ళు ఒక్కసారి జలదరించింది.

మార్కెట్లో బండి ఆపగానే మొదలుపెట్టారు.

"ఏమప్పా వన్నూరూ, చంద్రుని మీదికి గానీ పోతాండావా?" అన్నాడు ఆకు కొనే గోపన్న శెట్టి.

"పోయేది కాదు శెట్టీ, పొయ్యొచ్చినాడు. చూడు, ఎట్ల తడిసినాడో" అన్నాడు పక్కంగడి మద్దిలేటి.

"ఆకు చూసుకోండప్పా" అన్నాడు వన్నూరు.

శెట్టి గోనె ఎత్తి చూశాడు. పైదొంతి కొంచెం వాడింది గానీ కిందంతా నిగనిగలాడుతోంది. తల ఊపాడు. మద్దిలేటి మాత్రం వదిలేలా లేడు.

"నిజం చెప్పు వన్నూరూ. పెండ్లాం అంటే భయం గదా?"

"ఔ" అన్నాడు వన్నూరు.

అతను అంత సులభంగా ఒప్పుకుంటాడని మద్దిలేటి అనుకోలేదు. నవ్వడానికి తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. శెట్టి గల్లాపెట్టె మీది దుమ్ము తుడుచుకుంటూ, "దాంట్లో కొంచెం నీడగా ఉంటాదా అప్పా?" అని మెల్లగా అడిగాడు.

తిరుగు ప్రయాణమే కష్టమైంది.

మధ్యాహ్నం ముదిరింది. కొండరాళ్ళు పొద్దున్నుంచి తాగిన ఎండనంతా తిరిగి కక్కుతున్నాయి. చొక్కా ఆరిపోయింది. తలగుడ్డ ఆరిపోయింది. కనుమ నడిమధ్యలో చుక్క నీరు లేదు. సీసాలో అడుగున కొంచెం మిగిలింది, అది తాగడానికని దాచుకున్నాడు. చెమట కనురెప్పల మీద నిలిచి కళ్ళు మండుతున్నాయి. నెత్తిన అన్నం కుండ మళ్ళీ బోర్లించుకున్నట్టైంది.

ఒక్క నిమిషం అనుకున్నాడు. ఇక్కడ ఎవరు చూడొచ్చారు, దిగువకు పోయినాక మళ్ళా పెట్టుకుందాం.

బండి ఆపి హెల్మెట్టు తీసి హ్యాండిలుకు తగిలించాడు. మళ్ళీ పోనిచ్చాడు. నుదుటికి గాలి తగిలి ప్రాణం లేచొచ్చినట్టైంది. అంతలోనే ఆ గాలి ముఖం మీది తడినంతా తుడిచేసి, మళ్ళీ పొయ్యి సెగగా మారింది.

టక్.

రోడ్డు మీద గుంట వచ్చిన ప్రతిసారీ హెల్మెట్టు ఊగి బండికి తగులుతోంది. టక్. ఈ ఎండాకాలమంతా ఆ చప్పుడు అతని పక్కనే ఉంది. ఇన్నాళ్ళూ అతను దాన్ని వినలేదు.

మలుపు తిరిగాడు. అక్కడ రోడ్డు పక్కన ఒక రాయి. దాని మీద మాబున్ని కట్టిన పచ్చగుడ్డ ఎండకు వెలిసి, తెల్లబడి, పీలికలై ఊగుతోంది. రోజూ ఇక్కడికి రాగానే వన్నూరు చూపు లోయ వైపు తిప్పుకునేవాడు. ఈ రోజు తిప్పలేకపోయాడు. హుసేనప్పకు కూడా ఇట్లాగే అనిపించి ఉంటుంది. ఒక్క నిమిషం అనుకుని ఉంటాడు. దిగువకు పోయినాక పెట్టుకుందాం అనుకుని ఉంటాడు.

బండి ఆపాడు.

చెమట తుడుచుకుందామని జేబు గుడ్డ కోసం చెయ్యి పెడితే, తాత ఇచ్చిన ఆకు వేళ్ళకు తగిలింది. తీసేలోపే పొడిపొడి అయిపోయింది. వన్నూరు ఆ పొడిని అరచేతిలో కొంచెం సేపు పట్టుకుని ఉన్నాడు. ఆకు వాసన కూడా పోయింది దానికి.

సీసా మూత తీశాడు. గొంతు తడిసేంత తాగాడు. ఇంకా తాగాలని ఉంది. మిగిలిన నీళ్ళన్నీ తలగుడ్డ మీద పోశాడు. చుక్క కింద పడకుండా, లేత ఆకుకట్టను తడిపినంత జాగ్రత్తగా పోశాడు. గుడ్డ చుట్టుకుని హెల్మెట్టు పెట్టుకుని, గడ్డం కింది పట్టీ బిగించాడు. వేలు దూరే సందు లేకుండా తడిమి చూసుకున్నాడు.

"పోతాండా బావా" అన్నాడు రాయి వైపు చూసి.

కనుమ దిగేదాకా వేగం పెంచలేదు. కానుగ చెట్టు కింద ఆగాడు. కడుపునిండా నీళ్ళు తాగి, గుడ్డ తడిపి, చొక్కా తడిపి, మళ్ళీ అన్నీ తొడుక్కున్నాడు. కుండల దగ్గరున్న ముసలామె వింతగా చూసింది.

"ఈ ఎండలో అదంతా ఏందయ్యా?"

"ఎండకే అవ్వా" అన్నాడు.

మోరీ వచ్చింది. బండి ఆగలేదు.

దర్గా ముందు వేపచెట్టు నీడ పొడుగ్గా సాగింది. ఇమాం తాత పొద్దున్నుంచి అక్కడే ఉన్నవాడిలాగా బొంత కుట్టుకుంటున్నాడు. మాబున్ని అరుగు మీద కూర్చుని గుడ్డపీలికలు ఏరుతోంది. బండి చప్పుడుకు తల ఎత్తింది గానీ లేవలేదు. ఒకసారి మోసపోయిన చూపు అది.

వన్నూరు పట్టీ విప్పి హెల్మెట్టు తీశాడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. గడ్డం కింద పట్టీ ఒరిసిన చోట ఎర్రటి గీత పడింది. హెల్మెట్టును వెల్లకిలా పట్టుకుని ఆమె ముందు పెట్టాడు.

మాబున్ని చెయ్యి లోపలికి పెట్టింది.

ఆ చెయ్యి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు వేళ్ళ చివర్ల నుంచి గాజుల దాకా తడి జారింది. అది నీళ్ళో చెమటో ఆమె చూసుకోలేదు. ఆ తడి చేత్తోనే ముఖం రుద్దుకుంది. పోయిన ఎండాకాలం ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, తల దించుకుని, హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని.

తర్వాత లేచి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చంకలో గుడ్డల మూట ఉంది.

"నాకొకటి కావాల" అంది మొగుడితో. "ఎనక కూర్చునేదానికి."

"రేపే తెస్తా."

"అయితే బండి తోసుకొని రా. ఈ పొద్దుకు నడిచి పోదాం."

వన్నూరు బండి స్టాండు తీశాడు. ఇమాం తాత సూది బొంతకు గుచ్చి, లేచి వచ్చాడు. బండికి వేలాడుతున్న ఖాళీ గంపల్లోకి ఒకసారి తొంగి చూశాడు. ఆ తర్వాత వన్నూరు తడి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఆకు పచ్చగానే చేరిందే" అన్నాడు.